నెలవంక గుర్తు

తెల్లవారి ఆరింటికి బుల్లమ్మ ఫోను మోగింది. రోజూ మోగేదే. రక్తపోటు మాత్ర మరిచిపోకుండా కూతురు పెట్టిచ్చిన అలారం అది. ఆ మాత్ర వేసుకోవలసిన మనిషి పోయి రేపటికి ఏడాది. అలారానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. భర్త రాఘవులు మంచం మీంచే చెయ్యి చాచి, స్టూలు మీదున్న ఫోనును ఆపాడు. ఆ అలారాన్ని తీసేయించాలని అతను ఏనాడూ అనుకోలేదు. ఫోనుకు నెలనెలా రీచార్జి చేయిస్తున్నాడు, రోజూ చార్జింగు పెడుతున్నాడు. ఎందుకని కొడుకు అడిగితే, "ఉండనియ్" అని మాత్రం అంటాడు.

కోడలు సీత వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసింది.

"మామా, చాయ్ అక్కడికే తెమ్మంటవా?"

"నేనే వస్త. బిడ్డ లేచిందా?"

"చీకటితోనే లేచింది. పెరట్ల అంట్లన్నీ ముందేసుకున్నది. వద్దంటే వింటదా? రేపటి కార్యానికి వచ్చిన మనిషి, మా ఇంటికి కూలికొచ్చినట్టు చేస్తున్నది."

కూతురు శిరీష నిన్న సాయంత్రం వచ్చింది. జగర్గుండా ఆశ్రమ పాఠశాలలో టీచరు. అక్కడినుంచి దోర్నపాల్ దాకా జీపు, దోర్నపాల్ నుంచి సరిహద్దులోని ఈ ఊరికి, కొంటాకు, బస్సు. ఆమె సంచీ దించి తండ్రి పక్కన కూర్చోగానే, అన్న వీరేందర్ చెప్పులేసుకుని బయటికి నడిచాడు. ఏడాదిగా ఇంతే. ఆమె ఇంట్లోకి వస్తే అతనికి బజారులో ఏదో పని పడుతుంది.

కారణం అందరికీ తెలుసు. బుల్లమ్మ పక్షవాతంతో పడిపోయిన ఆ పొద్దున వీరేందర్ చెల్లెలికి ఫోను చేశాడు. మళ్లీ చేశాడు. అంబులెన్సు కోసం ఎదురుచూస్తున్నంతసేపూ చేస్తూనే ఉన్నాడు. మాట పడిపోయిన తల్లి చెవి దగ్గర తన ఫోను పెట్టి, "ఇగో అమ్మా, చెల్లె మాట్లాడతది" అన్నాడు. ఆ చెవికి వినిపించింది రింగు ఒక్కటే. శిరీష ఎత్తలేదు. అంబులెన్సు చింతూరు దాటకముందే బుల్లమ్మ వెళ్లిపోయింది. మంచి ఎండాకాలం. శవాన్ని ఆపడానికి లేదన్నారు పెద్దలు. శిరీష వచ్చేసరికి శబరి నది ఒడ్డున అంతా అయిపోయింది.

"ఎందుకు ఎత్తలేదు?" అని వీరేందర్ ఆనాడే అడిగాడు.

"మోగలేదన్నా. క్లాసుల ఉన్న" అంది శిరీష.

అంతే చెప్పింది. తరువాత ఎన్నిసార్లు మాట వచ్చినా, అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

రాఘవులు పెరట్లోకి వెళ్లి బావి గట్టు మీద కూర్చున్నాడు. శిరీష బూడిదతో గిన్నె రుద్దుతూ తల ఎత్తకుండానే, "చాయ్ తాగినవా నాయినా?" అంది.

"తాగుత. రేపు కార్యం అయినంక నాలుగు రోజులుండు బిడ్డా."

"రేపు మాపటి బస్సుకే పోత." ఆమె గిన్నె కడిగి బోర్లించింది. "నాయినా, నీకొక మాట చెప్పాలె. ఇగ నేను రాను. నన్ను చూడాలనిపిస్తే నువ్వే జగర్గుండా రా. నేను వచ్చినప్పుడల్లా అన్న తన ఇంట్ల నుంచి తానే దొంగ లెక్క బయటికి పోతుంటే, నాకు మంచిగ అనిపిస్తలేదు."

ఆ మాటలో కోపం లేదు. చాలా దూరం మోసిన మూటను ఇక మోయలేక దించినట్టు అంది, అంతే. రాఘవులు ఆమెను బతిమాలలేదు. తన మోకాళ్లతో జగర్గుండా ఎన్నిసార్లు వెళ్లగలడో అతనికి తెలుసు. ఇప్పుడు ఏదో ఒకటి చెయ్యకపోతే, రేపు భార్యకు పిండం పెట్టించిన చేతులతోనే కూతురిని కూడా సాగనంపాలని అర్థమైంది. చెయ్యడానికి ఏమీ తోచలేదు.

వీరేందర్ ఎండ ఎక్కాక ఇంటికి వచ్చాడు. సంతల్లో చింతపండు, ఇప్పపువ్వు కొని, వంతెన దాటించి ఆంధ్రకు పంపడం అతని వ్యాపారం. ముఖం పీక్కుపోయి ఉంది. ఫోనును మంచం మీదికి విసిరి తానూ కూలబడ్డాడు.

"గట్టు మీద నిలబడి వచ్చిన. అవతలి టవరు గీతలు నిండుగ ఉన్నయి. ఒక్క ఫోనూ వస్తలేదు. మొన్నటి సంది ఇదే కత."

కొంటాలో ఫోనుకు ఏ రోగం వచ్చినా దాని పేరు టవరే. టవరు పోతుంది, వస్తుంది. వచ్చినప్పుడు మిస్‌డ్ కాల్స్ కుప్పగా పడతాయి. జనం శబరి గట్టు మీదికి వెళ్లి, ఫోనును నెత్తిమీదికెత్తి, అవతలి ఒడ్డు టవరును అందుకుంటారు. ఫోనును అనుమానించే అలవాటు ఊళ్లో ఎవరికీ లేదు.

"నిన్న మా అమ్మ గూడ చేసిందంట" అంది సీత, చాయ్ గ్లాసులు తెస్తూ. "అల్లుడు ఎత్తలేదని మొహం మాడ్చుకున్నది."

"టవరని చెప్పకపోయినవా?"

"చెప్పిన. మీ అల్లుడు టవరెక్కి కూసున్నడు, దిగినంక మాట్లాడతడని."

రాఘవులు నవ్వాడు. వీరేందర్ నవ్వబోయి, పెరటి గుమ్మంలో చెల్లెలు కనిపించగానే మానేశాడు. శిరీష గోడ పక్కన తన గ్లాసు తీసుకుని కూర్చుంది.

"రేపు పంతులు ముందర ఇద్దరూ పక్కపక్కన కూసోవాలె" అన్నాడు రాఘవులు.

"కూసుంటం. నలుగురికి చూపియ్యనీకి కూసుంటం." వీరేందర్ గ్లాసులోకి చూస్తూ మాట్లాడాడు. "నాయినా, నేను గట్టిగ అంటలేను. ఆనాడు నేను చేస్తే ఊరంతా ఎత్తిన్రు. పక్కింటి బుధ్రాం గూడ పొలంల నుంచి ఎత్తిండు. కన్నబిడ్డ ఎత్తలే. ఒక్క మాట, 'అమ్మా' అంటే చాలు, ఆమె విని పోతుండె. ఆమె చెవుల మోగిన ఆ రింగు నాకు ఇప్పటికీ వినపడతది."

"ఇప్పుడెందుకయ్యా అవన్నీ?" అంది సీత.

"మాట పోయిన మనిషి. కుడి చెయ్యి లేస్తలేదు. ఎడమ చేత్తో దిండు కింది నుంచి తన ఫోను తీసి నా చేతుల పెట్టింది. నేను దాన్ని మళ్ల దిండు కిందనే పెడితే, మళ్ల తీసి నా చేతికే ఇచ్చింది. భద్రం చెయ్యిమని. గూట్లె దేవుని పటం కాడ పెట్టినంక నా దిక్కే చూసింది. ఆఖరికి ఆమె నమ్మింది నన్ను."

ఈ సంగతి అతను దశదినం నాడు వచ్చిన చుట్టాలందరికీ చెప్పాడు. ఏడాదిగా చెబుతూనే ఉన్నాడు. శిరీష గ్లాసు కింద పెట్టి లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. దశదినం నాడు కూడా సరిగ్గా ఈ మాట దగ్గరే లేచి వెళ్లింది. ఆ సంగతి రాఘవులుకు ఇప్పుడే గుర్తొచ్చింది.

అంతలో వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. లారీ డ్రైవరు వెంకన్న, కండువాతో మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఉన్నవా సేటూ? నేను ఏ కాశికో పోయినవనుకున్న."

"ఏంది వెంకన్నా, బండి పోలేదా?"

"ఎట్ల పోతది? మండీ రసీదు నీ జేబుల ఉన్నది, బండి నాకా చెక్‌పోస్టు కాడ ఉన్నది. నిన్నటి సంది ఎండల నిలబడ్డ. గంటకోసారి చేస్తున్న. ఒక్కసారన్న ఎత్తవేంది?"

"మోగలేదు."

"మోగలేదా? అటు రింగు నాకు మంచిగ వినపడుతుంటే? ఎత్తబుద్ధి కాలేదని చెప్పు సేటూ. బాధ ఉండది."

"అమ్మ మీద ఒట్టు వెంకన్నా. నా ఫోను మోగలేదు."

ఆ మాట అన్నాక అతనే ఆగిపోయాడు.  వెంకన్న రసీదు తీసుకుని, "రేపటి కార్యం యాది మరిచిన, ఏమనుకోకు" అని తగ్గిన గొంతుతో చెప్పి వెళ్లిపోయాడు.

సీత వాకిలి వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "మీ చెల్లె గూడ ఇదే మాట చెప్పింది. ఆమెను నువ్వు నమ్మినవా?"

వీరేందర్ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. రాఘవులు పెరటి వైపు పిలిచాడు.

"బిడ్డా, ఇటు రా. వీని ఫోను ఏమైందో చూడు."

శిరీష చేతులు తుడుచుకుని వచ్చింది. అన్న ముఖంవైపు చూడకుండా మంచం మీది ఫోను తీసుకుంది. చూడడానికి ఎంతోసేపు పట్టలేదు.

"పైన గడియారం పక్కన ఈ చిన్న నెలవంక చూసినవా?"

వీరేందర్ గోడకు చెప్పినట్టు అన్నాడు. "చూసిన. రాత్రయితే వస్తదేమో అనుకున్న."

"పొద్దుగాల గూడ ఉన్నది గదా." ఆమె తెరను పైనుంచి కిందికి లాగి తండ్రికి చూపించింది. "కరెంటు పోయినప్పుడు ఇట్ల లాగి టార్చి నొక్కుతడు. టార్చి పక్కనే ఈ నెలవంక ఉన్నది. హిందీల 'పరేషాన్ న కరే', సతాయించొద్దు అని రాసి ఉన్నది చూడు. చీకట్ల వేలు దీనికి తగిలింది. ఇది పడితే ఎవరు చేసినా మోగదు. అవతలోళ్లకు మాత్రం రింగు మామూలుగనే వినపడతది."

"మిస్‌డ్ కాల్స్ పడుతున్నయి గద" అన్నాడు వీరేందర్. ఈసారి గోడకు కాదు.

"పడతయి. టవరు పోయొచ్చినప్పుడు పడినట్టే పడతయి. అందుకే నీకు అనుమానం రాలేదు." ఆమె నొక్కింది, నెలవంక మాయమైంది. "ఇగ మోగుతది."

ఫోను అతని పక్కన పెట్టి వెళ్లబోతుంటే రాఘవులు ఆపాడు.

"ఆనాడు నీ ఫోన్ల గూడ ఇదే ఉండెనా?"

"ఉండె. నేనే పెట్టుకుంట. క్లాసుల ఆఫీసు గ్రూపులు ఆగకుండ మోగుతయి నాయినా. ఒక్కసారి మోగితే చాలు, పిల్లల చూపు పలక మీద నిలవది. ఇయ్యాల సెలవుల ఉన్నా, వాళ్ల మెసేజీలు ఆగుతలేవు. ఇప్పుడు గూడ పెట్టే ఉన్నది."

"ఒకటే మనిషి మళ్ల మళ్ల చేసినా మోగదా?"

"రెండోసారి చేస్తే మోగేట్టు పెట్టుకోవచ్చు. ఆఫీసోళ్లు వెంటవెంటనే చేస్తరని అది గూడ తీసేసిన."

"మరి ఇంట్ల ఏదన్న అయితే?" అంది సీత. "ఎవ్వరిదీ మోగకుంటే ఎట్ల?"

శిరీష పెరటి గుమ్మం వైపు తిరిగింది.

"ఒక్కరిది మోగేట్టు పెట్టొచ్చా?" అని వీరేందర్ అడిగాడు.

"పెట్టొచ్చు."

"నీ దాంట్ల ఎవరిది?"

"ఎందుకన్నా అవన్నీ. అయిపోయింది గద." ఆమె గొంతు అలసిపోయి ఉంది. "నెలవంక నేనే పెట్టుకున్న. తప్పు నాదే. ఏనాడూ కాదనలే. వదిలెయ్యి."

రాఘవులు చూపు స్టూలు మీదికి వెళ్లింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక బుల్లమ్మ ఈ మంచం మీదే కూర్చునేది. చదువు రాదు. ఫోను తెర మీద కూతురి ఫొటో ఉంటుంది, దాన్ని నొక్కితే చాలు ఫోను వెళుతుంది. అవతల ఎత్తగానే ఆమె అడిగే మొదటి మాట, "ఏం కూర?" క్లాసు జరుగుతున్నా సరే, శిరీష చెప్పేది. "నా బిడ్డ నా ఫోనైతే ఒక్క రింగుకే ఎత్తుతది. మీరు చెయ్యిన్రి, చూద్దాం" అని బుల్లమ్మ అందరితో గొప్పగా చెప్పుకునేది. తల్లి గొప్పలే అనుకున్నారు ఇంట్లో.

అతను లేచి, చార్జింగు వైరు పీకి, భార్య ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"వీరేందరూ, ముందుగాల నువ్వు చెయ్యి చెల్లెకు."

వీరేందర్ చేశాడు. అతని చెవిలో రింగు వినిపించింది. కిటికీలో ఉన్న శిరీష ఫోను చప్పుడు చెయ్యలేదు. అతను చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని చాలాసేపు విన్నాడు. ఏడాది కిందట విన్నదీ అదే.

"నాయినా, వద్దు" అంది శిరీష.

రాఘవులు కూతురి ఫొటో మీద వేలు పెట్టాడు.

కిటికీలో ఫోను మోగింది. చిన్న ఇల్లు, గట్టిగా మోగింది. సీత దగ్గరికి వెళ్లి చూసింది. తెర మీద పైన నెలవంక అలాగే ఉంది. కింద 'అమ్మ' అని ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అదే మోగి మోగి ఆగింది.

వీరేందర్ తన చేతిలోని ఫోను పక్కన పెట్టాడు. అరచెయ్యి తెరిచి దానివైపు చూసుకున్నాడు.

"రెండుసార్లు ఇచ్చింది" అన్నాడు.

సీత ఇటు తిరిగింది.

"దీంతోటి చెయ్యిరా అన్నది నాయినా. భద్రం చెయ్యిమని కాదు. నేను దిండు కింద పెడితే మళ్ల తీసి ఇచ్చింది. నేను తీస్కపోయి గూట్లె పెట్టిన. ఆమె అట్లనే చూసింది నా దిక్కు. నేనేమనుకున్న..." 

సీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాఘవులు కూతురిని అడిగాడు.

"మీ అమ్మకు తెలుసా, ఆమెది ఒక్కటే మోగుతదని?"

"తెలుసు. జగర్గుండాకు టవరొచ్చినప్పుడే చెప్పిన. అమ్మా, నీకు పాణం బాగలేకున్నా, ఊరికెనే మాట్లాడబుద్ధయినా చెయ్యి, నీది ఎప్పుడన్నా మోగుతదని."

"నీకెప్పుడు తెలిసింది, ఆ చేతికిచ్చిన సంగతి?"

"దశదినం నాడు. అన్న అందరికీ చెబుతుంటే విన్న. అప్పటికి నెలవంక సంగతంతా అన్నకు చెబుదామనే వచ్చిన. అది విన్నంక చెప్పలే."

"ఎందుకు చెప్పలే?" అన్నాడు వీరేందర్. తల ఎత్తలేదు. "ఏడాది నన్ను గిట్ల మాట్లాడనిచ్చినవు. ఎందుకు చెప్పలే?"

శిరీష అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏమని చెప్పాలె అన్నా? అమ్మ ఆఖరికి నన్ను నమ్మింది అని చెప్పుకుంటున్నవు. నీకు మిగిలింది అదొక్కటే. అది గూడ నేను తీసుకోవాల్నా? ఫోను ఎత్తలేదనే మాట నేను మోస్త అనుకున్న. మోసిన. ఈ మధ్యనే చాతనయితలేదు."

వీరేందర్ ఏడ్చాడు. తల్లి పోయిననాడు లారీ మాట్లాడడం, కట్టెలు తెప్పించడం, పెద్దలకు కబురు పంపడం అతనే చూసుకున్నాడు. ఆనాడు ఏడవడానికి అతనికి తీరిక దొరకలేదు. ఇప్పుడు రెండు చేతులతో ముఖం కప్పుకుని, చప్పుడు లేకుండా, భుజాలు కదులుతుంటే ఏడ్చాడు. శిరీష అతని మోకాలి మీద చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి తొయ్యలేదు.

రాఘవులు కొడుకు పక్కన కూర్చున్నాడు. ఏదైనా అనాలి. 

"ఆమె నమ్మింది నిన్నేరా. ఇంటినిండ మనుషులుండిరి. నేనుంటి. ఆమె ఎవరికీ ఇయ్యలే, నీకే ఇచ్చింది. నీకు తెలవకపోయింది, అంతే. నాకు తెలిసిందా? నేనూ అక్కడనే నిలబడి ఉంటి."

చివరికి సీత కదిలింది. "చాయ్ ఎవ్వరూ తాగలే. అందరి గ్లాసుల చల్లారింది. మళ్ల పెడత" అంది. వంటింట్లోకి వెళ్లి, స్టవ్ వెలిగించింది.

మర్నాడు కార్యం జరిగింది. అన్నాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చున్నారు. పంతులు చెప్పిన చోట వీరేందర్ నీళ్లు వదిలాడు. నువ్వులు చాలకపోతే శిరీష తన దోసిట్లోవి అతని చేతిలో పోసింది. ఆ సాయంత్రం ఆమె బస్సుకు వెళ్లలేదు. వెళ్లిననాడు వీరేందరే బండి మీద బస్సు దాకా దింపాడు. దారిలో ఏమీ మాట్లాడుకోలేదట. కిటికీలోంచి ఆమె, "టార్చి నొక్కేటప్పుడు చూసి నొక్కు" అంటే, అతను తల ఊపాడట. సీతకు చెప్పాడు ఆ సంగతి.

తరువాత ఒక మధ్యాహ్నం వీరేందర్ సంత నుంచి పెందలాడే వచ్చాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తల్లి మంచం మీద కూర్చున్నాడు. రాఘవులు పక్క మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు గాని నిద్రపోలేదు. కొడుకు స్టూలు మీది ఫోను తీసుకోవడం, దానివైపు చాలాసేపు చూడడం, ఫొటో మీద వేలు పెట్టడం అతనికి రెప్పల సందునుంచి కనిపించింది.

ఒక్క రింగుకే ఎత్తింది.

అవతల ముందు పిల్లల గోల వినిపించింది. తరువాత తలుపు మూసిన చప్పుడు. శిరీష హలో అనలేదు. ఆమె ఊపిరి మాత్రం తెలుస్తోంది. వీరేందర్ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"ఏం కూర?" అన్నాడు.

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"పప్పు అన్నా. గుమ్మడికాయ."

"రోజూ అదేనా?"

"రోజూ అదే." ఆమె ముక్కు ఎగబీల్చింది. "నువ్వు తిన్నవా?"

రాఘవులు కండువా ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగాడు.